అన్నయ్య మీద ఓటు

యజమాని మూసేసి పోయిన వడ్రంగి షెడ్డును పనివాళ్ళే కలిసి కొనుక్కుని నాలుగేళ్ళయింది. పదకొండు మంది, పదకొండు ఓట్లు. మిషను కొనాలన్నా, సెలవు ఏ రోజో తేల్చాలన్నా శనివారం పని ఆపి, బల్లల చుట్టూ నిలబడి చేతులెత్తడమే.

ఆ శనివారం తేల్చాల్సింది అన్నయ్య సంగతి. పాలిష్ పట్టే చెల్లెలికి అతను సొంత అన్న. తక్కినవాళ్ళకి కూడా అన్నయ్యే, అందరికీ పని నేర్పింది అతనే మరి. ముప్ఫై ఏళ్ళుగా రంపం మిషనే అతని ప్రాణం. కంటి ఆపరేషనయ్యాక కూడా చూపు సరిగ్గా రాలేదు. కిందటి వారం ఎదురుగా చెక్క పట్టుకున్న మేస్త్రీ వేళ్ళు వెంట్రుకవాసిలో దక్కాయి. అతన్ని రంపం దగ్గర్నుంచి తీసి పాలిష్ బల్లకు మార్చాలా వద్దా అన్నది ప్రశ్న.

మార్చాలనే అందరి మనసులోనూ ఉంది, పైకి అనడానికి మాత్రం నోరు పెగల్లేదు. పని నేర్పినవాడి మొహం చూస్తూ చెయ్యెలా లేస్తుంది? పాడు మొహమాటం. చివరికి చెల్లెలే, ఈసారికి చీటీలు వేద్దామంది. హమ్మయ్య అనుకున్నారంతా. ఎవరి గురించి ఓటైనా వాళ్ళకీ ఓటుంటుంది కాబట్టి అన్నయ్యా ఒక చీటీ తీసుకున్నాడు.

చెల్లెలు 'మార్చాలి' అని రాసింది. అన్న అలిగినా ఫరవాలేదు, వేళ్ళు పోతే తెచ్చివ్వలేం కదా అనుకుంది.

మేస్త్రీ చీటీలు విప్పి చదివాడు. మార్చాలని పది, వద్దని ఒకటి. అన్నయ్య మిషను తుడిచి పక్కకు జరిగాడు.

సాయంత్రం దాకా ఒక్కొక్కరే ఏదో వంకన అతని దగ్గరికెళ్ళి, గొంతు తగ్గించి ఏదో చెప్పి వచ్చారు. చెల్లెలికి ఆ మాటలు వినబడలేదు.

ఇంటికి నడుస్తుంటే అన్న మౌనం ఆమె తట్టుకోలేకపోయింది. ఉన్నదున్నట్టు చెప్పేద్దామనే నోరు తెరిచింది. తీరా వచ్చింది వేరే మాట.

"అన్నయ్యా, ఆ ఒక్క చీటీ నాదే."

అతను ఆగాడు. మొహంలో కోపం లేదు. కోప్పడినా బాగుండుననిపించింది ఆమెకు.

"ఈ మాట ఇప్పటికి తొమ్మిదిమంది చెప్పారమ్మా, నీతో పది. ఆ చీటీ నేను వేసుకున్నది. ఎదురుగా చెయ్యెత్తి రంపం దగ్గర్నుంచి తప్పుకోమనుంటే నేనే తప్పుకునేవాణ్ణి కదమ్మా."