తోకకు చుట్టుకున్న తాడు

పీతల బోనులు తీసుకుని లామెక్ రేవుకు తిరిగొస్తుంటే ముందు ఓజిత్ చూసింది.

"ఏమయ్యా, అక్కడేదో పడవ బోర్లా పడినట్టుందే!"

ఆమె మొగుడు ఎమెరీ షియాసన్ ఇంజను తగ్గించి అటు తిప్పాడు. దగ్గరపడేసరికి కంపు గుప్పుమంది. పడవ కాదది, తిమింగలం. వెల్లకిలా తేలుతోంది. దాని పొట్ట మీద సముద్రపు పక్షులు వాలి పొడుస్తున్నాయి.

తోక చూడగానే మొగుడూ పెళ్ళాం ఇద్దరూ గుర్తుపట్టారు. అంచు లేసు అల్లికలా చిరిగి ఉండే ఆ తోకను బట్టే శాస్త్రవేత్తలు దానికి, ఫ్రెంచిలో లేసు అనే అర్థం వచ్చేలా, దాంతెల్ అని పేరు పెట్టారు. చలికాలంలో ఫ్లోరిడా తీరాన ఈని, పిల్లను వెంటబెట్టుకుని మేత కోసం ఉత్తరాన ఉన్న ఈ అఖాతానికి వచ్చిన తల్లి అది. నెల కిందట వాళ్ళ పడవ పక్కనుంచి పోయింది. పిల్ల అల్లరి చూసి ఓజిత్ ఆ రోజంతా నవ్వుతూనే ఉంది.

ఇప్పుడు పిల్ల ఎక్కడా లేదు. తోక మొదట్లో మాత్రం ఒక తాడు బిగుసుకుని కండలోకి దిగిపోయి ఉంది. తాడు మీద పసుపు, ఊదా గుర్తులు. ఏ ఊరి పడవల బోను తాడుకు ఏ రంగులుండాలో ప్రభుత్వం నిర్ణయించింది. పసుపూ ఊదా లామెక్ వాళ్ళవి.

వసంతంలో ఒక తిమింగలం తాడుతో కనబడిందని లామెక్ వాళ్ళు పీతలు పట్టే చోట్లు సగం ప్రభుత్వం మూసేసింది. ఇది బయటపడితే మిగతా సగమూ పోతుంది. అఖాతం మధ్య నుంచి పోయే సరుకు ఓడలకైతే కాస్త నెమ్మదిగా పొమ్మని విజ్ఞప్తి చేసి ఊరుకున్నారు. ఇష్టమైనవాళ్ళు తగ్గించేవాళ్ళు, లేనివాళ్ళు దూసుకుపోయేవాళ్ళు.

రేడియోలో గొంతు వినిపించింది. ఓజిత్ తమ్ముడు దెల్ఫిస్. అతని పడవ కూడా ఆ దరిదాపుల్లోనే ఉంది.

"బావా, అక్కడేం చేస్తన్నావ్? ఆగిపోయావేంది?"

"దాంతెల్ చచ్చిపోయిందిరా. మన తాడుంది."

దెల్ఫిస్ గొంతు తగ్గించి అన్నాడు. "కత్తి ఉందిగా చేతిలో. కోసి పారెయ్. గాలి లేస్తంది, శవం ఎటో కొట్టుకుపోద్ది. నువ్వు చూళ్ళేదు, నేను విన్లేదు."

ఎమెరీ కత్తి తీశాడు కూడా. పడవ అంచు మీద వంగి తాడు మీద ఆనించాడు. ఒక్క కోత చాలు. అప్పుడే అల వచ్చి శవాన్ని పక్కకు దొర్లించింది. నీళ్ళలోంచి తల పైకి తేలింది. కింది దవడ ఒక పక్కకు వేలాడుతోంది.

"తాడు దవడ విరగ్గొడతదా?" అంది ఓజిత్ మెల్లగా.

ఎమెరీ కత్తి ఒరలో పెట్టేశాడు. కోస్ట్ గార్డ్‌కు కబురు చెప్తే, తమ ఓడ రేపటికి గానీ రాలేదని, చేతనైతే ఒడ్డుకు లాక్కురమ్మని అన్నారు.

"మనమే మన మెడకు ఉరేసుకుంటన్నాం, తెలుస్తందా బావా?" అని రేడియోలో అరిచాడు దెల్ఫిస్. "రేవులో జనం నీ మొహం చూడరు! అక్కా, నువ్వైనా చెప్పు!"

ఓజిత్ రేడియో అందుకుంది. "చెప్పేదేముందిరా? చేతనైతే వచ్చి సాయం పట్టు, లేకపోతే నోరు మూసుకో."

అతను రాలేదు. ఇద్దరే శవానికి మోకు కట్టి లాగడం మొదలెట్టారు.

గాలి నిజంగానే లేచింది. వెనకాల కొండంత బరువు. పడవ ముందుకు పోతున్నట్టే ఉంది గానీ తీరం దగ్గరపడటం లేదు. అల ఎత్తినప్పుడల్లా కట్టిన మోకు కీచుమంటోంది. ఒకసారి శవం పక్కకు లాగేసరికి పడవ ఒరిగి, డెక్కు మీదికి నీళ్ళొచ్చి రెండు బోనులు కొట్టుకుపోయాయి. ఓజిత్ గొడ్డలి పట్టుకుని మోకు పక్కనే నిలబడింది. పడవ మునిగేలా ఉంటే నరికేయాలి.

"నరకమంటావా?" అని అరిచింది.

"ఇంకొంచెం ఆగు!"

మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే మాట. ఇసుక తీరం చేరేసరికి ఎమెరీ వేళ్ళు చుక్కాని చక్రం మీద నుంచి ఊడిరానంత బిగుసుకుపోయాయి.

మర్నాడు పశువైద్యురాలు సొలాంజ్ మాలే తన బృందంతో శవపరీక్షకు వచ్చింది. మట్టి తవ్వే యంత్రంతో తోలు లాగుతుంటే వాళ్ళు కత్తులతో కోస్తూ పోయారు. రేవు జనమంతా ఇసుక మీద దూరంగా నిలబడ్డారు. ఎమెరీ పక్కకు ఎవ్వరూ రాలేదు. డాక్టరమ్మ తోక దగ్గర చాలాసేపు కూర్చుంది, తర్వాత తల దగ్గర అంతకన్నా ఎక్కువసేపు. లేచి, చేతి తొడుగులు తీసేసి ఎమెరీ దగ్గరికొచ్చింది.

"రెండూ చెప్తాను, ఎమెరీ గారూ. తాడు పడి చాలా రోజులైంది. పుండు పడింది, కొంత మానింది కూడా. బాగా బాధపడి ఉంటుంది. కానీ దాంతో చావలేదు. పుర్రె పగిలింది, దవడ విరిగింది, చుట్టూ నెత్తురు గడ్డకట్టింది. బతికుండగా తగిలిన దెబ్బ అది. ఓడ గుద్దింది."

ఎమెరీకి ఊరటా కలిగింది, ఏడుపూ వచ్చింది.

మాంక్టన్ నగరంలో రవాణా శాఖ ఓడల వేగం మీద విచారణ పెట్టినప్పుడు ఎమెరీని సాక్షిగా పిలిచారు. ఓడల యజమానుల తరఫు లాయరు చాలా మర్యాదగా మొదలెట్టాడు.

"ఆ తాడు మీదేనా, షియాసన్ గారూ?"

వెనక వరసలో లామెక్ వాళ్ళు కూర్చున్నారు. దెల్ఫిస్ కూడా ఉన్నాడు. ఎమెరీ వెనక్కి తిరగలేదు.

"మా ఊరిదే. నాదే అయినా అయ్యుండొచ్చు."

హాల్లో కలకలం రేగింది. దెల్ఫిస్ కుర్చీ తోసుకుని లేచి బయటికి వెళ్ళిపోయాడు.

"అంటే మీ తాడు వల్లే అది నీరసించి, ఓడకు అడ్డం తప్పుకోలేకపోయిందన్న మాట," అన్నాడు లాయరు.

"అయ్యుండొచ్చు బాబూ. పాలిచ్చే తల్లి, పైగా ఒంటి మీద తాడు. మెల్లగానే కదిలి ఉంటది. దార్లో ఎవరన్నా కుంటుకుంటా నడుస్తుంటే నువ్వు బండి తగ్గిస్తావా, తొక్కేస్తావా?"

"వేగం తగ్గించడం తప్పనిసరి కాదు. అది విజ్ఞప్తి మాత్రమే."

"అదే నేనూ అంటన్నా!" ఎమెరీ లాయరును వదిలి అధికారుల వైపు తిరిగాడు. "మాకు మీరు విజ్ఞప్తి చెయ్యలేదయ్యా. మూసెయ్యమన్నారు. తిట్టుకుంటానే మూసేశాం. తప్పు మాదీ ఉంది, ఒప్పుకున్నా. వాళ్ళకూ ఆ మాట అదే గొంతుతో చెప్పండి. అంతకుమించి నేనడిగేదేం లేదు."

వేసవి చివర్లో ఉత్తర్వు వచ్చింది. తిమింగలాలున్నంత కాలం ఆ దారిన పోయే పెద్ద ఓడలన్నీ పది నాట్ల వేగం, అంటే గంటకు పద్దెనిమిది కిలోమీటర్లు, మించకూడదు, మించితే జరిమానా. అదే కాగితంలో లామెక్ వాళ్ళకు మిగిలిన చోట్లు కూడా వచ్చే వసంతం అంతా మూసేశారు. పిల్ల జాడ ఎవరికీ తెలియలేదు.

ఎమెరీ, ఓజిత్ బోనులు షెడ్డుకు చేరవేస్తుంటే రేవులో ఒక్కరూ పలకరించలేదు. సగం పనయ్యాక దెల్ఫిస్ ట్రక్కు వచ్చి ఆగింది. దిగి, బావ వైపు చూడకుండా ఒక బోను రెండో కొస పట్టుకున్నాడు.

"నేనింకా నీతో మాట్లాడట్లా," అన్నాడు.

"సరే," అన్నాడు ఎమెరీ.

"వచ్చే ఏడు ఇల్లెలా గడవాలో తెలీట్లేదు బావా."

"నాకూ తెలీదురా. ఎత్తు."

ఇద్దరూ బోను ఎత్తారు.