ఎడమ చేతి పటాలం

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా నాకో ఫొటో స్టూడియో ఉంది. ముహూర్తాలున్నప్పుడు పెళ్లికూతుళ్లు, ముహూర్తాలు లేనప్పుడు ఆధార్ కోసం తిరిగే నిరాధారులు, అందరూ నా కెమెరా ముందు కూర్చోవాల్సిందే. పోయిన వేసవిలో ఒకరోజు ఉదయగిరి బస్సు దిగి వహాబ్ వచ్చాడు, చంకలో తుప్పు పట్టిన బిస్కెట్ల డబ్బాతో. వహాబ్ ఉదయగిరిలో చెక్క చెంచాలు చెక్కుతాడు. నాకంటే రెండేళ్లు పెద్ద. అయినా నన్ను అన్నా అంటాడు. అది నా పొట్టకిచ్చే మర్యాద అనుకుంటాను.

"ఇవేందో చూడన్నా. ఇంటికి సున్నం కొట్టించాలని అటక మీద సామాన్లు దించినాం. గుండీల డబ్బా అనుకోని మూత తీస్తే ఇవి ఉండాయి."

అట్ట చట్రాల్లో బిగించిన ఫిల్ము ముక్కలు. ఒకటి తీసి ట్యూబులైటుకి ఎదురు పెట్టాను. పసుపు ఇసుక, నీలం ఆకాశం, తాడు మీద ఆరేసిన బనీన్లు. అరవై ఏళ్లనాటి బనీన్లు కూడా ఇంకా తడిగానే ఉన్నట్టున్నాయి, రంగులు అంత నిగనిగలాడుతున్నాయి.

"స్లైడ్లురా ఇవి. ఎవరివి?"

"మా అబ్బావే అయ్యుంటాయి. పెళ్లికి ముందు మిలిట్రీలో ఉండేటప్పుడు గాజాకి పంపించినారంట, ఐక్యరాజ్యసమితి కాపలాకి. ఆడ ఎవరో కెనడా దొర కెమెరా ఇచ్చి పోయినాడని అమ్మీ చెప్పేది."

"ఇంకేం! గాజాలో తీసిన గాజు పటాలు! పటాలం మనిషి తీసిన పటాలు!"

"గాజేడుండాదన్నా, ఫిలిమే గదా" అన్నాడు వహాబ్. చెక్కతో పనిచేసే మనిషి, మాటని కూడా అంత నున్నగా చెక్కి పారేస్తాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "వీటిల్లో మా అబ్బా మొహం ఉంటదా?"

ఆ ప్రశ్న వెనక ఒక ఫ్రేము ఉంది. తండ్రి అజ్మతుల్లా పోయేనాటికి వహాబ్ చంకబిడ్డ. ఇంట్లో ఉన్నది ఆయన ఫొటో ఒక్కటే. సోమశిల డ్యాము నీళ్లొచ్చి ఊరు ఖాళీ చేసినప్పుడు, ఎద్దుల బండి మీద వస్తుంటే దారిలో వాన పట్టుకుంది. అద్దం సందులోంచి నీళ్లు దిగి బొమ్మంతా కరిగిపోయింది. మనిషి పోయె, ఊరు పోయె, ఫొటో పోయె, ఫ్రేము మాత్రం దిట్టంగా మిగిలింది. వహాబ్ తల్లి మస్తాన్బీ అందులో తెల్లకాగితం పెట్టి గోడకి తగిలించుకుంది. ఎవరైనా అదేందమ్మా అంటే "మా ఆయన" అంటుంది.

కన్నతండ్రి ఎలా ఉంటాడో వహాబ్‌కి తెలియదు. తెలిసిన మనిషి భూమ్మీద మస్తాన్బీ ఒక్కతే. ఆమెకి ఒక కన్ను ఇప్పటికే పొర కమ్మింది.

"రెండోది కూడా కమ్మేలోగా చూపీయాలన్నా" అన్నాడు.

నా దగ్గర స్లైడ్లు వేసే మిషను ఒకటుంది. ఒకప్పుడు ఊరూరా తిరిగి కుటుంబ నియంత్రణ బొమ్మలు చూపించిన మిషను. పాతసామాను వేలంలో మా నాయన కొన్నాడు. ఇద్దరు లేక ముగ్గురు చాలని చెప్పీ చెప్పీ అలవాటైపోయిందో ఏమో, మూడు స్లైడ్లు వేయగానే వేడెక్కి ఆగిపోతుంది.

ఆదివారం దాన్ని ఒళ్లో పెట్టుకుని ఉదయగిరి బస్సెక్కాను. కండక్టరు దాన్ని ప్రెషర్ కుక్కరనుకున్నాడు. వహాబ్ ఇంట్లో కిటికీకి దుప్పటి కట్టి, కొత్త సున్నం గోడ మీదికి వెలుగు కొట్టాం. మస్తాన్బీ గోడకి దగ్గరగా పీట వేయించుకుని, కొంగు తలమీదికి లాక్కుని కూర్చుంది.

ఒక్కటీ యుద్ధం బొమ్మ కాదు. లారీ అద్దంలో చూసుకుంటూ గడ్డం గీసుకునేవాడు. వరసగా కూర్చుని బూట్లు తోముకునేవాళ్లు. గాడిద మీద నారింజలు తెచ్చిన ముసలాయన దగ్గర బేరం. ఒక తెల్లదొరకి క్షవరం చేస్తున్న మన మంగలి. దొర భయపడ్డట్టే ఉన్నాడు. ప్రతి మనిషినీ మస్తాన్బీ ముందుకు వంగి చూసింది. ప్రతిసారీ తల అడ్డంగా ఊపింది.

"ఫొటోలు తీసేవోడు ఫొటోలో ఎట్టుంటాడమ్మా?" అన్నాను. "మా ఇంట్లో పెళ్లి ఆల్బం చూడు. తీసింది నేను, అందుకే మా తమ్ముడి పెళ్లికి నేను పోనట్టే ఉంటది."

"దీంట్లో ఉండాడు" అన్నాడు వహాబ్ ఉన్నట్టుండి. గోడ కిందిభాగం చూపించాడు. ఇసుక మీద పొడుగ్గా ఒక నీడ పడి ఉంది. రెండు మోచేతులూ పైకెత్తి, మొహం దగ్గర ఏదో పట్టుకున్న నీడ.

మస్తాన్బీ దాన్ని చాలాసేపు చూసింది. "నీడకేం అబ్బయా, అందరికీ ఒకటే. మొహం ఏదీ?" అంది.

మిషను ఆగింది, చల్లబడింది, మళ్లీ కదిలింది. డబ్బా అడుగు కనబడే వేళకి ఒక భోజనాల బొమ్మ పడింది. ఇసుకలో బాసింపట్టు వేసుకుని అయిదారుగురు సిపాయిలు, మధ్యలో పెద్ద అన్నం డేగిసా, వెనక ఏదో బోర్డు. అందరూ ముద్ద ఎత్తి కెమెరాని చూస్తున్నారు. ఈ ఒక్కసారి కెమెరా వేరేవాళ్ల చేతిలో ఉండి ఉంటుంది.

"అసలైన మిలిటరీ హోటల్!" అన్నాను.

మస్తాన్బీ లేచి నిలబడింది. మూలన కూర్చున్న బక్కపలచటి కుర్రవాడి మీద వేలు పెట్టింది. ఆ ముక్కు అచ్చం వహాబ్ ముక్కే.

"ఈయనేనా అమ్మీ?"

ఆమె వేలు కుర్రవాడి కనుబొమ్మ మీద ఆగింది. కిందికి జారి ముద్ద పట్టిన చేతి మీద ఆగింది. వెనక్కి వచ్చేసింది.

"కాదు. మీ అబ్బాని ఎద్దు పొడిచింది ఎడమ కనుబొమ్మ మీద. ఈయనకి గాటు కుడిపక్క ఉండాది. పైగా ఎడమచేత్తో తింటా ఉండాడు. ఎవరో పోలికగల్లోడు. తియ్యబ్బయా, కట్టెయ్ మిషను."

వహాబ్ తల దించుకున్నాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి నేను అన్నాను.

"ఎడమచేత్తో ఒక్కడే కాదమ్మా, అందరూ అట్టే తింటా ఉండారు చూడు. ఎడారి గదా, అన్నీ ఎడమే. పొద్దస్తమానం లెఫ్ట్, రైట్, లెఫ్ట్, రైట్ అని నడిచొచ్చి, ఆకలేసి లెఫ్ట్ దగ్గరే ఆగిపోయినారు!"

ఎవరూ నవ్వలేదు. మిషను వేడెక్కి తానే ఆరిపోయింది.

వహాబ్ భార్య బగారా అన్నం, దాల్చా వడ్డించింది. మస్తాన్బీ తినకుండా గోడకేసి చూస్తూ కూర్చుంది. కోపం మాత్రం నా మీద ఉంది.

"ఆ మాటేంది అబ్బయా, అందరూ ఎడమచేత్తో తిన్నారని? ఒకడికంటే అలవాటనుకుందాం. పటాలం పటాలానికే ఉంటదా? ఒక్కడికి కూడా తల్లి చెయ్యి మీద ఒకటి కొట్టి నేర్పలేదా?"

నోట్లో ముద్ద నోట్లోనే ఆగింది. అవును. సిపాయిలు ఏ రాష్ట్రం వాళ్లయినా, ఏ మతం వాళ్లయినా, అన్నం దగ్గర ఏ తల్లీ రాజీ పడదు. అంతమంది ఎడమచేత్తో తిన్నారంటే తప్పు తల్లులది కాదు. స్లైడ్ పెట్టినవాడిది.

స్లైడ్‌కి రెండు సైడ్లుంటాయి. చట్రం ఏ పక్కనుంచి చూసినా ఒకేలా ఉండేసరికి, డబ్బా మొత్తం నేను తిరగేసి, కుడిని ఎడమ చేసి చూపించాను. వెనక బోర్డు చూసి అరబ్బీ అనుకున్నాను కూడా.

లేచి మిషను దగ్గరికి పరిగెత్తాను.

"ఎంగిలి చెయ్యి!" అని అరిచింది మస్తాన్బీ.

నిజమే. ఎడమచేత్తోనే స్లైడ్ తీసి, ఎడమచేత్తోనే తిప్పి పెట్టాను.

వెలుగు పడింది. బోర్డు మీది అరబ్బీ ఇంగ్లీషై, వంటశాల అని చెప్పింది. అయిదారు కుడిచేతులు ఒక్కసారిగా ముద్దలెత్తాయి. మూలన ఉన్న కుర్రవాడు ఇటుపక్క మూల నుంచి అటుపక్క మూలకి మారి కూర్చున్నాడు. గాటు ఎడమ కనుబొమ్మ మీదికి వచ్చింది.

మస్తాన్బీ నడిచి వెళ్లి గోడకి అడుగు దూరంలో నిలబడింది. వెలుగంతా ఆమె మీదే పడింది. పటాలం మొత్తం ఆమె వీపు మీద భోంచేస్తోంది.

"అమ్మీ, పక్కకి జరుగు" అన్నాడు వహాబ్. "నేను చూడొద్దా?"

ఆమె కొద్దిగానే జరిగింది.

"చూడు. దాల్చాలో ఉప్పు తగ్గింటది. ఉప్పు తగ్గితే మీ అబ్బా మొహం అట్టే పెడతాడు."

వహాబ్ చూశాడు. తనకంటే ముప్పై ఏళ్లు చిన్నవాడైన తండ్రిని, మిషను వేడెక్కి ఆరిపోయేదాకా చూశాడు.

నేను వచ్చేటప్పుడు మస్తాన్బీ ఫ్రేము దించి, కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది. ఆ ఫ్రేము నిలువు, బొమ్మ అడ్డం.

"ఏం పర్లేదమ్మా. పక్కనోళ్లని కత్తిరించేసి ఆయన ఒక్కడినే పెద్దది చేస్తా. మొహం ఇంత కనిపిస్తాది."

"వొద్దు" అంది. "అన్నం ముందర కూర్చున్నోళ్లని లేపగూడదు."

ఇప్పుడు ఉదయగిరిలో ఆ ఫ్రేము గోడ మీద అడ్డంగా వేలాడుతోంది. కొక్కెం మార్చి కొట్టింది వహాబ్. అందరూ ఉన్నారు, డేగిసా కూడా ఉంది.