రాజవీధి మొదట్లో చెప్పులు

తాత తన కొడుకు చెప్పులకు నూనె రాస్తున్నాడు. పట్టీల కింద, మడమ అంచున, గుడ్డతో మెల్లగా రుద్ది, మళ్లీ చెక్క పలక మీద పెట్టాడు. పొద్దున్నే ఈ పని కాకపోతే ఆయనకు మిగతా పని మీద చెయ్యి సాగదు.

రాజవీధి మొదట్లో ఆయన కొట్టు. తెగిన చెప్పులు కుడతాడు. అంతకంటే ఎక్కువగా, విడిచిన చెప్పులకు కాపలా కాస్తాడు. ఆ వీధిలో మామూలు జనం చెప్పులతో నడవకూడదని రాజుగారి ఆజ్ఞ. ఆసుపత్రి అక్కడే, కోర్టు అక్కడే, జైలూ అక్కడే. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నవాళ్లు కూడా మిట్టమధ్యాహ్నం ఆ బండల మీద వట్టి కాళ్లతోనే వెళ్లాలి. రాజుగారి గుర్రాలకు మాత్రం లాడాలున్నాయి.

ఆయన కొడుకు చిన్నోడు ఒకరోజు చెప్పులు విడవలేదు. "నువ్వు కుట్టినవి కదా నాన్నా, నలుగురికీ చూపించుకోవద్దూ?" అని నవ్వుతూ వెళ్లాడు. భటులు వాణ్ని జైల్లో వేసి, చెప్పులు తెచ్చి కొట్టు ముందు గిరాటేశారు. మళ్లీ వాణ్ని ఎవరికీ చూపించలేదు. అప్పటినుంచి తాత ఆ వీధిలో అడుగు పెట్టలేదు. వాడు రావాలి, ఇద్దరూ చెప్పులేసుకుని ఈ కొస నుంచి ఆ కొసదాకా నడవాలి. ఆయనకున్న ఆశల్లా అదే.

ఆ వేళ ఊరు ఊరంతా జెండాలు పట్టుకుని వచ్చింది. ముందు వరసలో తాత కూతురు, నేతమిల్లులో పనిచేస్తుంది. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది.

"కోటలో ధాన్యం ముక్కిపోతోంది, మన పిల్లలేమో పస్తులు! రాజుకైనా మనకైనా ఒకటే చట్టం ఉండాలి! ముందు జైలు తలుపులు తెరిపిస్తాం నాన్నా!"

అంత కోపంగా వచ్చిన జనం వీధి మొదట్లో ఆగి, వంగి, చెప్పులు విడిచారు. కూతురు కూడా. కొట్టు ముందు జతలు జతలుగా సర్ది, జాగ్రత్త అన్నట్టు తాతవైపు చూశారు.

తాతకు నవ్వాగలేదు. "ఏమర్రా, రాజుని దింపడానికి పోతూ కూడా రాజు మాటే వింటారా?"

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక పొట్ట పట్టుకుని నవ్వారు. అందిన చెప్పుల్లో కాళ్లు దూర్చి కదిలారు. ఆ బండల మీద చెప్పుల చప్పుడు అంతకుముందు ఒక్కసారే విన్నాడు తాత.

సాయంత్రానికి రాజు దొడ్డిదారిన పారిపోయాడు. జైలు తలుపులు తెరిచారు. బయటికొస్తున్న ఖైదీల ముఖాలకంటే ముందు కాళ్లు వెతికాడు తాత. చిన్నోడి ఎడమ బొటనవేలు కాస్త పక్కకు వంగి ఉంటుంది. ఆ కాలు రాలేదు.

కూతురు ఒక బక్కచిక్కిన మనిషిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆమె ముఖం చూడగానే తాతకు తెలిసిపోయింది.

"మీ చిన్నోడూ నేనూ ఒకే గదిలో ఉండేవాళ్లం తాతా," అన్నాడా మనిషి. "పోయిన చలికాలం దగ్గు పట్టుకుంది. నిద్రలోనే పోయాడు. 'మా నాన్న కుట్టిన చెప్పులు అరగవు' అనేవాడు."

తాత ఆ మనిషి కాళ్లవైపు చూశాడు. అతని మడమలు నెర్రెలు విచ్చి ఉన్నాయి. పలక మీది చెప్పులు తీసి ఆ కాళ్ల ముందు పెట్టాడు.

"అయ్యో, మీవాడివి..."

"వేసుకో నాయనా. నడవడానికే కుట్టాను."

తన చెప్పులూ వేసుకున్నాడు. ఒక పక్క కూతురు, ఒక పక్క ఆ మనిషి. కొడుకు లేని నడక ఆయనకు గుండె కోతే. అయినా రాజవీధిలోకి అడుగు వేశాడు.

కొట్టులో ఖాళీ పలక మీద నూనె గుడ్డ ఇంకా తడిగానే ఉంది.