బుడగలో పట్టినన్ని మాటలు

బహుమతి వచ్చిందన్న ఫోను వచ్చినప్పుడు నేను వంటింటి సింకు దగ్గర ఆయన కుంచెలు కడుగుతున్నాను. నల్ల సిరా ఒకసారి ఆరిపోయిందంటే ఇక ఆ కుంచె పనికిరాదు. అందుకని ఆయన బొమ్మ ముగించి లేవగానే నేను వెళ్లి కుంచెలు తెచ్చి, గోరువెచ్చని నీళ్లలో వెంట్రుక వెంట్రుకా విడదీసి కడిగి, మొనలు సర్ది గ్లాసులో నిలబెడతాను. పదకొండేళ్లుగా చేస్తున్న పని. ముందుగదిలోంచి ఆయన కేక వినిపించింది. "ఏమోయ్, వచ్చిందోయ్! మనకే వచ్చింది!" మనకే అన్నారు. నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఆ తర్వాత మళ్లీ ఆ మాట అనలేదు.

మావారు బొమ్మలు వేస్తారు. ఆయన వేసినదాన్ని గ్రాఫిక్ నవల అంటారు. మా అత్తయ్య మాత్రం బొమ్మల పుస్తకం అంటుంది. రైలు గేటు దగ్గర ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసిన మా మామగారి కథ అది. వేరే దేశాల్లో ఇలాంటి పుస్తకాలకు పెద్ద పెద్ద సాహిత్య బహుమతులు వచ్చాయి గానీ, ఈ బహుమతి ఇంతవరకు బొమ్మలున్న పుస్తకాన్ని గడప తొక్కనివ్వలేదు. అందుకే గొడవ మొదలైంది. బొమ్మలేసినవాడికి సాహిత్యం బహుమతేమిటని ఒక పెద్దాయన పత్రికలో విరుచుకుపడ్డాడు. బహుమతి నిర్ణయించినవాళ్ల తరఫున ఇంకో పెద్దాయన జవాబు రాశాడు. ఆ జవాబును మావారు కత్తిరించి బల్ల మీది అద్దం కింద పెట్టుకున్నారు. బల్ల తుడిచేది నేనే కాబట్టి రోజూ చదువుతూ వచ్చాను.

"బొమ్మలన్నీ అరచేత్తో మూసేసి మాటలు మాత్రమే చదవండి. ఒక్క మాట ఎక్కువ లేదు. ఇంత తక్కువలో ఇంత చెప్పగలిగినవాడిని రచయిత అనకపోతే ఎవరిని అంటాం? ఆఖరి పేజీలో, కొడుకును కాలేజీ గేటు లోపలికి పంపుతూ ఆ తండ్రి మూడే మాటలు అంటాడు. 'నేను బయటే ఉంటా.' జీవితమంతా గేటు పక్కన నిలబడిన మనిషి ఇంకేం చెప్పాలి?"

ఆ మూడు మాటలు మావారు రాసినవి కావు. నేను రాశాను.

ఇది ఎలా జరుగుతుందో చెప్పాలి, లేకపోతే నేనేదో లేనిది కల్పించుకుంటున్నానని అనిపిస్తుంది. ఆయన ముందుగా రూళ్ల పుస్తకంలో కథ రాసుకుంటారు. తర్వాత దళసరి కాగితం మీద గళ్లు గీసి, బొమ్మలు వేసి, మనుషుల నోటి పక్కన ఖాళీ బుడగలు గీసి వదిలేస్తారు. ఆ బుడగల్లో మాటలు రాయడం నా పని. స్కూలు నుంచి వచ్చి, కూర పొయ్యి మీద పడేసి, సన్న పాళీ పెన్నుతో కూర్చుంటాను. మన అక్షరాలకు పైన గుళ్లు, కింద ఒత్తులు. వాటికి చోటు వదిలితే తప్ప చదవడం కుదరదు. ఆయనేమో బొమ్మకు అడ్డం వస్తాయని బుడగలు రేగుపండంత గీస్తారు, పుస్తకంలో మాటలు మాత్రం పేజీకి పేజీ రాస్తారు. పట్టవు. మొదటిసారి అడిగాను, ఏం చేయమంటారని. "నువ్వే చూసి ఏదోటి సర్దవోయ్, అక్షరాలు రాయడమేగా" అన్నారు. సర్దాను. ఎనిమిది వాక్యాలు చదివి, ఆ మనిషి నిజంగా ఏం చెప్పాలనుకుంటున్నాడో ఆలోచించి, రెండు మాటలు రాశాను. తర్వాత ఆయన చూసి "ఇక్కడ ఇంకా ఉండాలే?" అంటే "బుడగలో పట్టలేదండీ" అనేదాన్ని. "ఓహో" అనేవారు. అంతే. నూట నలభై పేజీలూ అలాగే నడిచాయి.

ఆయన అబద్ధాలకోరు కాదు, అది కూడా చెప్పాలి. పుస్తకం అచ్చయి వచ్చిన రోజు ఒక పేజీ తెరిచి, "చూశావా, ఎంత క్లుప్తంగా రాశానో!" అని నాకే చూపించారు. నిజంగా తనే రాశాననుకున్నారు. నేను కూడా "అవునండీ" అన్నాను.

తగ్గించి రాయడం నాకు ఏ కాలేజీలోనూ నేర్పలేదు. మా ఇంట్లో అక్షరం ముక్క వచ్చిన మొదటి మనిషిని నేను. మా నాన్న కలప అడితీలో దుంగలు మోసేవాడు. వేలిముద్ర తప్ప మరోటి తెలియదు. నాకు పదేళ్లు వచ్చేసరికి మా సందులో ఎవరు ఊరికి కార్డు రాయించుకోవాలన్నా నా దగ్గరకే వచ్చేవారు. అందరూ ఏడుస్తూ, తిడుతూ, మొదటినుంచీ చెప్పుకొచ్చేవారు. కార్డు మాత్రం అరచేయంత. "అంత పట్టదు పిన్నీ, అసలు సంగతి చెప్పు" అంటే వాళ్లు ఒక్క నిమిషం ఆగి ఆలోచించేవారు. అప్పుడొచ్చే మాట ఉంటుంది చూడండి, దాన్నే రాసేదాన్ని.

డిగ్రీ మొదటి పరీక్షకు మా నాన్న పని మానుకుని నాతో కాలేజీ దాకా వచ్చాడు. గేటు దగ్గర ఆగిపోయాను. అందరూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటున్నారు, నా చెప్పుకు పిన్నీసు ఉంది. తిరిగి వెళ్లిపోదాం నాన్నా అన్నాను. వాచ్‌మన్ నాన్నను లోపలికి రానివ్వలేదు. మా నాన్న నా వైపు చూసి, "పో తల్లీ, రాసుకో. నేను బయటే ఉంటా" అన్నాడు. మూడు గంటల తర్వాత వచ్చి చూస్తే అదే రాయి మీద, అదే ఎండలో కూర్చుని ఉన్నాడు.

మావారి రూళ్ల పుస్తకంలో ఆ చోట మా మామగారు పద్నాలుగు వాక్యాలు మాట్లాడారు. జీవితం రెండు పట్టాల మీద నడుస్తుందట, కష్టం సుఖం రెండూ గేటు దాటిపోయే బండ్లట. బొమ్మలో మనిషి మూలకు, చిన్నగా ఉన్నాడు. బుడగ చిటికెన వేలి గోరంత. ఆ రోజుకు మా నాన్న పోయి ఏడాది కాలేదు. చేయి దానంతటదే రాసింది.

తోటికోడలి నగ చూసి కుళ్లుకుంటే లోకం నవ్వి ఊరుకుంటుంది. కట్టుకున్నవాడికి పేరొస్తే కుళ్లుకునే ఆడదాన్ని ఏమంటారో నాకు తెలియదు. కానీ కుళ్లుకున్నాను. దాచడం ఎందుకు? పత్రికలో ఆయన ఫోటో ఎంత పెద్దదో వేళ్లతో కొలిచాను. ఒక పత్రిక ఆయన ఇంటిపేరు తప్పు వేస్తే ఆ పూటంతా హాయిగా ఉంది. ఇంటర్వ్యూకొచ్చిన అమ్మాయి "అంత తక్కువ మాటల్లో ఎలా రాయగలిగారు సార్?" అని అడిగితే, ఆయన కళ్లు సగం మూసి "అది సాధనమ్మా" అన్నారు. నేను టీ కప్పులు అందిస్తూ ఆ అమ్మాయి పెన్ను వైపే చూస్తున్నాను. ఒక్కసారి నన్ను అడిగితే బాగుండును. అడిగింది కూడా పాపం. "పంచదార ఎక్కడుంది మేడమ్?" అని.

స్కూల్లో ఇంకోలా అయింది. మా హెడ్మాస్టరు గారికి నా చేతిరాత అంటే మహా ఇష్టం. సర్టిఫికెట్లు, బోర్డులు, రిటైరయ్యేవాళ్లకు సన్మాన పత్రాలు, అన్నీ నా చేతే రాయిస్తారు. నా లీజరు పీరియడ్లన్నీ అందులోనే పోతాయి. ఆయన పిలిచి, "మేడమ్, మీవారిని మన స్కూలు తరఫున సత్కరించకపోతే బాగుండదు. పత్రంలో మాటలు తెలుగు మాస్టారు కూర్చారు. కాస్త ముత్యాల్లా రాసిపెట్టండి" అన్నారు.

"నేనే రాయాలా సార్?"

"మీకంటే బాగా ఎవరు రాస్తారు చెప్పండి? అయినా, సొంత భర్తకు రాసుకునే భాగ్యం అందరికీ దొరుకుతుందా!" అని నవ్వారు. నా గోళ్ల వైపు చూసి, "కాస్త చేతులు కడుక్కుని రాయండి, ఆ నలుపు అంటుతుంది" అని కూడా అన్నారు. అది మావారి కుంచెల నలుపు. స్టాఫ్ రూములో కూర్చుని రాశాను. 'మితభాషి, పదాలను పొదుపు చేయగల మహారచయిత' అని, ఒత్తులతో సహా, ఎక్కడా వంకర పోకుండా.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా అత్తయ్య పుస్తకం ఒళ్లో పెట్టుకుని మొదటినుంచి బొమ్మలు తిరగేస్తోంది. ఆఖరి పేజీ దగ్గర ఆగింది.

"అమ్మాయ్, ఇక్కడ మీ మామగారు ఏమంటున్నారు?"

చదివి వినిపించాను.

"ఈయనా? మూడు మాటలా?" అత్తయ్యకు నవ్వాగలేదు. "ఉప్పు అందుకోమనడానికి అరగంట పట్టేది కదే ఆయనకి! అయినా కాలేజీకి ఈయనెక్కడ వెళ్లాడు? డ్యూటీ ఉందని వాణ్ణొక్కణ్ణే బస్సెక్కించాడు. ఎవరిదీ మాట?"

పొయ్యి మీద పాలు పొంగుతుంటే దింపడానికి వెళ్లాను. వెనక్కి వచ్చేసరికి ఆవిడ ఇంకా నా వైపే చూస్తోంది.

"మా నాన్నది అత్తయ్యా."

"మరి చెప్పవేం?"

"ఏమని చెప్పను? ఆయనకు పేరొస్తుంటే..."

"వాడికొస్తే నీకొచ్చినట్టేలే" అంది, అలవాటుగా. అని, పుస్తకం మళ్లీ మొదటినుంచి గబగబా తిప్పింది, ఏదో పోగొట్టుకున్నట్టు. "ఆయనకు పచ్చకామెర్లు వచ్చిన నెలంతా జెండా ఊపింది నేనే. వీణ్ణి చంకనేసుకుని, వానలో. ఇంతలావు పుస్తకంలో అదెక్కడా లేదే?" అని కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. నాకు ఆ క్షణాన ఆవిడ మీద ప్రేమ పొంగుకొచ్చిందని చెప్పను గానీ, ఈ కుళ్లు నా ఒక్కదానికే కాదని తెలిసి కొంచెం ఊపిరాడింది.

శనివారం పొద్దున ఆయన రూళ్ల పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. మర్నాడే బహుమతి సభ. "మూడు నిమిషాలకు మించి మాట్లాడొద్దన్నారోయ్. ఎనిమిది పేజీలైంది. నీకు అలవాటేగా, కాస్త తగ్గించి కార్డు మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టు. వేదిక మీద కళ్లజోడు తీస్తే బాగుంటాను."

ఆయన స్నానానికి వెళ్లారు. బల్ల మీద ఆయన పొద్దున వాడిన కుంచెలు ఉన్నాయి. వాటిని పక్కకు జరిపి చదవడం మొదలుపెట్టాను. బొమ్మలు నేర్పిన మాస్టారికి కృతజ్ఞతలు. సిరా అమ్మిన కొట్టతనికి కృతజ్ఞతలు. కిటికీలో కూర్చుని తోడున్న పిల్లికి. ఆరో పేజీలో ఇలా ఉంది: 'ఆనాడు కాలేజీ గేటు దగ్గర మా నాన్న నాతో అన్న ఆ మూడు మాటలు ఈనాటికీ నా చెవుల్లో మోగుతున్నాయి.' ఏడో పేజీలో నేనున్నాను: 'నా మాటలను ముత్యాల్లాంటి అక్షరాల్లో పొదిగిన నా అర్ధాంగికి.'

ఆరో పేజీ రెండోసారి చదివాను. నా గురించి ఏం రాసినా ఊరుకునేదాన్నేమో. ఇన్నేళ్లు ఊరుకోలేదా? కానీ ఆయన రేపు వేదిక ఎక్కి నాలుగువందల మంది ముందు ఇది చదివితే, మా నాన్న ఆ రాయి మీదనుంచి లేచిపోతాడు. ఆ ఎండలో మూడు గంటలు ఇంకెవరో కూర్చున్నట్టవుతుంది. తర్వాత నేను ఎవరికి చెప్పినా, మొగుడి పేరు చూసి ఓర్వలేక అంటోందంటారు. అందులో సగం నిజమే కూడా. ఓర్వలేకే అంటున్నాను. అయినంత మాత్రాన ఆ మాట మా నాన్నది కాకుండా పోతుందా?

మా సందులో వాళ్లకు చెప్పినట్టే నాకు నేను చెప్పుకున్నాను. అంత పట్టదు, అసలు సంగతి చెప్పు.

కార్డు తీసుకున్నాను. పాళీ తుడిచి, సిరాలో ముంచి, పైన గుళ్లకు, కింద ఒత్తులకు చోటు వదిలి, కళ్లజోడు లేకుండా కనబడేంత పెద్దగా రాశాను.

'ఈ పుస్తకంలో బొమ్మలు నావి. మాటలు నా భార్యవి. ఆఖరి మాట ఆమె నాన్నది.'

సిరా ఆరేదాకా ఊది, బల్ల మధ్యలో పెట్టాను.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చి కార్డు అందుకున్నారు. చదివారు. వెనక్కి తిప్పి చూశారు, అక్కడేమీ లేదు. మళ్లీ చదివారు. గుమ్మం దగ్గర అత్తయ్య వచ్చి నిలబడింది.

"ఇదేంటి?"

"తగ్గించమన్నారుగా."

"తగ్గించమంటే... ఎనిమిది పేజీలోయ్! మాస్టారు, నాన్న, పట్టాల సంగతి... మిగతాదంతా ఏదీ?"

కుంచెలు ఇంకా బల్ల మీదే ఉన్నాయి, నలుపు ఆరుతోంది. నేను నా పెన్ను ఒక్కటే తుడుచుకుని డబ్బాలో పెట్టుకున్నాను.

"బుడగలో పట్టలేదండీ" అన్నాను.