యాభై బారలు

చుట్టలోంచి తాడు కొస లాగి కుడిచేత్తో పట్టుకుంది. ఎడమచేతిని పక్కకి చాపి, తాడును ఛాతీ మీదుగా బిగించింది. ఒకటి. చేతులు దగ్గరికి తెచ్చి మళ్ళీ చాపింది. రెండు. తాళ్ళ కొట్టులో పంతొమ్మిదేళ్ళుగా ఆమె పని ఇదే. రెండు చేతులూ చాపితే ఒక బార. ఆమెకు వేరే పేరుందన్న సంగతి మరిచిపోయి అందరూ బారక్క అంటారు.

ఈరోజు మొదటి బేరం సొంత మొగుడిదే. మెట్టు మీద కూర్చుని అరచేతుల బొబ్బలు చూసుకుంటున్నాడు. ఫ్యాక్టరీ మూతపడి ఏడు నెలలైంది. యాభై నాలుగేళ్ళవాణ్ణి ఇంకెవరూ గేటు లోపలికి రానివ్వలేదు. చివరికి ఎవరో వదిలేసిన గాలి పడవ తెచ్చి, నాలుగు చోట్ల రబ్బరు అతుకులు వేసి, రిజర్వాయరులో చేపలు పడతానన్నాడు. బరువులేని పడవ. కాస్త గాలి వీస్తే చాలు, నీళ్ళు కిందికి దూకే గేట్ల వైపు కొట్టుకుపోతుంది. మొన్న అలా పోతుంటే తెడ్లు వేసి ఎలాగో గట్టెక్కాడు.

రెండు రోజులుగా ఇంట్లో లంగరు తాడు గురించే మాటలు. నార తాడు నీళ్ళు తాగి కుళ్ళిపోతుంది. ఇనుప తీగ రబ్బరును కోసేస్తుంది. నీలం ప్లాస్టిక్ తాడు మునగదు, పైన తేలుతూ ఎవరి పడవకైనా చుట్టుకుంటుంది. చిటికెన వేలంత లావున్న తెల్ల నైలాన్ తాడును ఆమే ఎంచింది. అది మునుగుతుంది, కుదుపుకు కాస్త సాగి ఓర్చుకుంటుంది. లంగరు దగ్గర కట్టే గొలుసు పడవను గీకకుండా, ఆయన పాత యూనిఫాం ప్యాంటు కాలు కత్తిరించి తొడుగు కుట్టింది.

"నా ప్యాంటుకి ఉద్యోగం దొరికింది" అన్నాడాయన. ఏడు నెలల్లో ఇద్దరూ నవ్వింది అప్పుడే.

"ఎన్ని?" అంది కొలుస్తూనే.

"యాభై బారలు. నిన్న రాయి కట్టి వదిలి నేనే కొలిచాను, లోతు ఎనిమిది బారలుంది. దానికి ఆరింతలన్నా ఉంటేగానీ తాడు ఏటవాలుగా పడుకోదు, లంగరు మట్టిని కరవదు. తగ్గించకే."

"నీకు తగ్గిస్తానా?"

యాభై కొలిచి, ఒకటి కొసరు వేసి కోసింది. తెగిన కొసను నిప్పుకు చూపించి వేళ్ళతో నొక్కింది. ఆయన చుట్టను భుజాన వేసుకున్నాడు.

"ఇదీ కుదరకపోతే ఇంక నన్నేమీ అడక్కే" అని మెట్టు దిగాడు.

మధ్యాహ్నానికి గాలి లేచింది. బయట వేలాడదీసిన చుట్టలు గోడకు కొట్టుకుంటున్నాయి. మంచి తాడే ఇచ్చానుగా అని ఆమె ధైర్యం చెప్పుకుంది. అప్పుడే టెంట్లు వేసే మనిషి వచ్చి ఇరవై బారలు అడిగాడు. పాత బేరగాడు, ఎప్పుడూ అనే మాటే అన్నాడు.

"ఇంకాస్త చాపక్కా. నా ఇరవై నీ దగ్గర పదహారే అవుతాయి. అందుకేగా మీ ఓనరు నిన్ను వదలడు."

పొడుగు చేతుల పెళ్ళాన్ని తెచ్చుకోమని రోజూ చెప్పే జవాబు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. చాపిన చేతులు చాపినట్టే ఉండిపోయాయి. రాయి కట్టి లోతు కొలిచింది ఆయన చేతులతో. ఏ చొక్కా కొన్నా మణికట్టు దాకా రానంత పొడుగు చేతులు. ఇరవైకి పదహారైతే, యాభైకి నలభై. కొసరు కలిపినా నలభై ఒకటి దాటదు.

నైలాన్ చుట్టను లెక్కపెట్టకుండా లాగి, కోసి, చంకన పెట్టుకుని పరుగెత్తింది. వెనక ఓనరు ఏదో అరుస్తున్నాడు. దారిలో కనపడిన బండినల్లా ఆపబోయింది. మూడోది ఆగింది.

ఆమె వెళ్ళేసరికి దింపిన గేటుకు ఆనుకుని పడవ బోర్లా తేలుతోంది. గేట్ల కాపలా మనిషి ఎదురొచ్చాడు. లంగరు నిలవలేదని, కొంచెం కొంచెంగా జారుతుంటే ఆయన చాలాసేపు తెడ్లు వేస్తూనే ఉన్నాడని, తను గేట్లు దింపేలోపే అయిపోయిందని చెప్పాడు. దిగువన వెదుకుతున్నారట.

"తాడు?" అంది ఆమె.

"తాడుకేం కాలేదమ్మా. చాలా గట్టి తాడు, ఎక్కడా తెగలేదు."

ఆ మాట ఓదార్పుగానే అన్నాడు. ఆమె తల ఊపింది. చంకలో తాడును ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడింది.

మూడు గంటలకు దిగువన రాళ్ళ మధ్య ఆయన దొరికాడు. అందరూ అటు వెళ్ళారు.

పడవ దింపిన చోట, పొద్దున గాలి కొట్టిన కాలి పంపు మిగిలింది. లోపలికి ఇసుక పోకుండా దాని గొట్టం మూతికి ఆయన తన జేబురుమాలు చుట్టి, శ్రద్ధగా రెండు ముళ్ళు వేసి వెళ్ళాడు.