చెంచురామయ్య బండిలో ట్రాక్టరు ఆయిలు

అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. చెంచురామయ్యను ఆ భూతం తొంభై ఏడులో పట్టుకుంది. ఆ ఏడు పత్తికి పచ్చపురుగు పడితే, నమ్మి కొన్న మందు డబ్బాలో మందుకు బదులు రంగునీళ్లున్నాయి. ఆరెకరాలు పురుగు పాలయ్యాయి. అప్పటినుంచి ఆయన పాలచెంబులో వేలు పెట్టి చూస్తాడు, యూరియా బస్తా మూతి కుట్లు లెక్కపెడతాడు. భార్య కోటేశ్వరి పెట్టిన కూరను కూడా వాసన చూసి గానీ కలుపుకోడు.

అలాంటి మనిషి రెండువేల ఒకటిలో, ఒకరోజు పొద్దున, ఆయిలు మార్పించడానికి సుభానీ షెడ్డుకు మోటారుసైకిలు తెచ్చాడు. ఊరి సెంటర్లో ఉన్న మెకానిక్ షెడ్డు అదొక్కటే. మూడేళ్లుగా బండి అక్కడికే వస్తున్నా, ఆయిలు పోసేటప్పుడు ఆయన ఎప్పుడూ తొంగిచూడలేదు. ఆవేళ చూశాడు. సుభానీ ఒంపుతున్న డబ్బా మీద ట్రాక్టరు బొమ్మ ఉంది.

"ఏరా సుభానీ, అది డీజిలు ఇంజన్ల ఆయిలు కాదూ?"

"అవును బాబాయ్, ట్రాక్టరుదే. మూడేళ్లుగా ఇదేగా పోస్తంది. మన ఎండకీ దుమ్ముకీ ఇదైతేనే ఆగుద్ది."

దాపరికం లేకుండా చెప్పాడు. చెంచురామయ్యకు అదే నచ్చలేదు. ఇంత తప్పును ఇంత నిబ్బరంగా ఒప్పుకునేవాడు లోపల ఇంకెంత పెద్ద తప్పు దాచి ఉంటాడు?

అక్కణ్ణించి నేరుగా వెంకటరావమ్మ టీకొట్టుకు వెళ్లాడు. "పెట్రోలు బండికి డీజిలు ఆయిలు పోస్తన్నాడ్రా సుభానీ! ఇంజను చెడితే మళ్లీ వాడి దగ్గరికేగా పోవాలి మనం. అదీ వాడి ఎత్తు!" అన్నాడు.

"అందుకేనా నా బండి పొగలు కక్కేది!" అంటూ వీరబాబు లేచాడు. ఆ బండి మీద మూడేసి మిరపకాయల బస్తాలు తోలే సంగతి వీరబాబూ మరిచాడు, విన్నవాళ్లూ మరిచారు. నెల తిరగకుండా ఊళ్లో బండ్లన్నీ అద్దంకి దారి పట్టాయి. సుభానీ పాత టైరు మీద కూర్చుని రోడ్డు చూడసాగాడు. ఇంకొన్నాళ్లు ఇలాగే సాగితే షెడ్డు మూసి వేటపాలెం పోవడమేనని, అక్కడ జీడిపప్పు కంపెనీలో పనిచేసే బావమరిది అల్లాబక్షు రమ్మంటున్నాడని వెంకటరావమ్మతో చెప్పుకున్నాడు. ఆ మాట విని చెంచురామయ్య, "పాపం పండింది" అన్నాడు.

మిరపకాయలు అమ్మడానికి గుంటూరు వెళ్లినప్పుడు ఆయన బ్రాడీపేటలో ఒక కారు సామాన్ల కొట్టెక్కి, అక్కడున్న వాటిలోకెల్లా ఖరీదైన ఆయిలు తెచ్చాడు. కార్లకు పోసేది తన బండికి చేదా? దాన్ని సుభానీ చేతే పోయించి వాడికి బుద్ధి చెప్పాలని షెడ్డుకే వెళ్లాడు.

సుభానీ డబ్బా తిప్పి చూశాడు. "బాబాయ్, ఇది కార్లది. జారుడెక్కువ. కారు క్లచ్చి పొడిగా వేరే ఉంటది. మన బండికి క్లచ్చి ప్లేట్లు ఇంజనాయిల్లోనే మునిగుంటయ్యి. ఇది పోస్తే పట్టు తప్పుతయ్యి."

"తెలుసులేరా నీ ఏడుపు. పొయ్యి!"

సుభానీ పోశాడు. చెంచురామయ్య తాంబూలం సంచీలోంచి సున్నం తీసి, ఆయిలు దించే కింద బోల్టు మీదా పోసే పైమూత మీదా ఒక్కో బొట్టు పెట్టాడు. ఎవడైనా ఆయిలు మారిస్తే సున్నం చెదురుతుంది, తెలిసిపోతుంది. రోజూ పొద్దున్నే దేవుడికన్నా ముందు ఆ బొట్లు చూసుకునేవాడు.

పదిహేనో రోజున కోటేశ్వరిని ఎక్కించుకుని సాగర్ కాలవ కట్ట ఎక్కుతుంటే ఇంజను గోల పెట్టింది గానీ బండి కదల్లేదు. ఎంత రేజు చేస్తే అంత అరుపు. కోటేశ్వరి దిగి పక్కన నిలబడింది.

"వాడేదో చేశాడే!" అంటూ వంగి చూశాడు. సున్నం బొట్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"ఎవరూ ముట్టలేదుగా?" అంది కోటేశ్వరి.

"సున్నం వాడికి దొరకదా ఏంటి? తీసి మళ్లీ పెట్టుంటాడు."

బండిని ఆటోలో వేయించుకుని అద్దంకిలో క్రీస్తుదాసు అనే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాడు. అతను ఆయిలు దించి వేళ్ల మధ్య రుద్దుకుని, ఏం పోశారని అడిగాడు. చెంచురామయ్య గొప్పగా చెప్పాడు. సుభానీ చెప్పిందే క్రీస్తుదాసూ చెప్పాడు, మాట పొల్లుపోకుండా.

"సుభానీ నీకేమవుతాడు?" అన్నాడు చెంచురామయ్య.

"సుభానీ ఎవరండీ?"

క్రీస్తుదాసు కాలిన ప్లేట్లు తీసి చూపించాడు. "క్లచ్చి పోయింది గానీ ఇంజను భలే ఉందండీ. మూడేళ్లు తిరిగిన బండంటే నమ్మలేం. ఎవరోగానీ బాగా చూసుకున్నారు." కొత్త ప్లేట్లు వేసి, మూల నుంచి ఒక డబ్బా తెచ్చి ఒంపాడు. దాని మీదా అదే ట్రాక్టరు బొమ్మ ఉంది.

తిరుగు దారిలో బండి కాలవ కట్టను అవలీలగా ఎక్కింది. బతుకులో మొదటిసారి చెంచురామయ్యకు తన మీద తనకే అనుమానం వచ్చింది. వెంటనే సిగ్గు ముంచుకొచ్చింది. ఆరెకరాల పత్తి పోయిన ఏడు కూడా ఆయన అంత కుంగలేదు.

షెడ్డు ముందు సుభానీ పానాలు పెట్టెలో సర్దుతున్నాడు. చెంచురామయ్య జరిగిందంతా చెబితే విని తల కూడా ఎత్తలేదు. "నాకెందుకు బాబాయ్ చెప్పటం? నాకు తెలిసిందేగా. ఎక్కడన్నావో అక్కడ చెప్పు. పది బండ్లు తిరిగొస్తే నేనెందుకు పోతా?"

చెంచురామయ్య టీకొట్టుకు వెళ్లి అందరూ వినేలా చెప్పాడు. తప్పు తనదేనన్నాడు, సుభానీ పోసింది మంచి ఆయిలేనన్నాడు. వీరబాబు గ్లాసు కింద పెట్టి, కళ్లు చిన్నవి చేసి అడిగాడు.

"ఎంత ముట్టింది బాబాయ్?"

కొట్టంతా గొల్లున నవ్వింది. చెంచురామయ్య నేలతల్లి మీద ఒట్టేశాడు. "ఒట్లదాకా వచ్చిందంటే ఏదో ఉందిరోయ్" అన్నారు వెనక బల్ల మీదివాళ్లు. ఇంకా గట్టిగా అరిచాడు. అరిచేకొద్దీ వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

సుభానీ ఈ మాటలన్నీ రోడ్డవతల నుంచి విన్నాడు. షెడ్డుకు తాళం వేసి, పెట్టె మోసుకొచ్చి చీరాల బస్సు ఆగేచోట నిలబడ్డాడు. చెంచురామయ్య పరుగున పోయి బండి తెచ్చాడు.

"ఎక్కరా, వేటపాలెం దాకా నేనే దింపుతా. దారిలో మాట్లాడుకుందాం."

"వద్దు బాబాయ్. నీ బండి మీద నన్ను చూస్తే ఇద్దరం కుమ్మక్కయ్యామంటారు."

బస్సు వచ్చింది. పెట్టె బరువుగా ఉంది. చెంచురామయ్య ఒక చెయ్యి వేసి పైకెక్కించాడు. టీకొట్టులోంచి ఎవరో, "చూశారా, నేను చెప్పలా!" అన్నారు.