మాస్టారింటి మందారం

కొమ్మను కణుపు కింద ఏటవాలుగా కోసి, కింది ఆకులు గిల్లేసి, వేరు పట్టించే పొడిలో అద్ది, ఇసుకలో గుచ్చి, వేళ్ళతో చుట్టూ నొక్కింది. ఆ పొద్దున అప్పటికి అలాంటివి నలభై అయ్యాయి. నర్సరీలో ఆమెను అందరూ కత్తెరక్క అంటారు. యాభై రెండేళ్ళ మనిషి. కుడిచేతి బొటనవేలి పగుళ్ళలోకి ఆకుపసరు నల్లగా దిగిపోయింది. ఎంత సబ్బు పెట్టి తోమినా అది వదలదు. ఇరవై ఏళ్ళ కిందట ఇక్కడికి నీళ్ళు పోసే పనికి వచ్చింది. ఇప్పుడు కొమ్మలు నాటే షెడ్డంతా ఆమె చేతి కిందే ఉంది. ఇంతా చేసి ఆమె ఇంట్లో ఒక్క మొక్క లేదు. రెండు గదుల వాటా, ఎండ తొంగి కూడా చూడదు. "ఊరందరికీ తోటలు, మనకు మాత్రం ఎదురింటి గోడ" అని మొగుడు రోజుకోసారైనా వేళాకోళమాడతాడు.

తొమ్మిదింటికి ఎవరో భార్యాభర్తలు వచ్చారు. కిటికీ ముందు వేసుకోవడానికి పూలచెట్టు కావాలన్నారు. భర్త అప్పటికే ఆరడుగుల మొక్కను కౌగిలించుకున్నంత పని చేస్తున్నాడు.

"కిటికీకీ ప్రహరీకీ మధ్య జాగా ఎంతుంది సార్?"

"రెండడుగులుంటుంది."

"ఇది మూడేళ్ళలో డాబా ఎక్కేస్తుంది. ఆ తర్వాత పట్టపగలు లైటేసుకుని కూర్చోవాలి మీరు. ఆ పొట్టిది తీసుకెళ్ళండి. మోకాలు దాటదు, ఏడాది పొడుగునా పూస్తుంది."

పెద్ద బేరం చిన్నదైపోయినందుకు యజమాని మొహం మాడ్చుకున్నాడు. ఆమె పట్టించుకోలేదు. వెళ్తూ వెళ్తూ ఆ ఇల్లాలు, "నీలాగా ఉన్నదున్నట్టు చెప్పేవాళ్ళు ఎక్కడున్నారమ్మా" అంది. కత్తెరక్క తల వంచుకుంది. ఆ మాట ఎవరన్నా ఆమెకు తల కొట్టేసినట్టే ఉంటుంది.

ఎందుకంటే షెడ్డు వెనక మూడు వందల మందార కుండీలున్నాయి. మీగడ రంగు రేకులు, అంచున లేత ఊదా, నడిమధ్య ముదురు ద్రాక్షరంగు. ఇంకే నర్సరీలోనూ దొరకదని జనం ఎగబడి కొంటారు. అది ఊళ్ళో టైపు నేర్పిన మాస్టారి భార్య పుట్టించిన మొక్క. చిన్న కుంచెతో ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు అద్ది, పదకొండు గింజలు నాటి, నాలుగేళ్ళు కాచుకుంటే ఒక్కటి ఇలా పూసింది. ఆవిడ బతికున్నన్నాళ్ళూ సొంత అక్కకు కూడా ఒక్క పుల్ల ఇవ్వలేదట. ఆవిడ పోయాక మాస్టారు చెట్లు కత్తిరించడానికి కత్తెరక్కను పిలిచాడు. ఏడేళ్ళ కిందటి మాట. మొదటిరోజే ఆమె పన్నెండు మంచి కొమ్మలు ఏరి చెత్త కింద గోనెసంచిలో పెట్టుకుంది. ఆ సంచి మూతి పట్టుకున్నది మాస్టారే. "పాపం, ఇంత బరువు ఎలా మోస్తావమ్మా" అన్నాడు కూడా. ఆ మొక్కలు పూసిన నెలలోనే యజమాని ఆమెకు షెడ్డు అప్పజెప్పాడు.

ఈరోజు మాస్టారి ఇంటికి వెళ్ళాల్సిన రోజు. ఏడాదికి రెండుసార్లు వెళ్తుంది. ప్రతిసారీ దారి పొడుగునా చెప్పేద్దామనుకుంటుంది, గేటు దగ్గరికి రాగానే నోరు పెగలదు.

పదకొండింటికి వెళ్ళేసరికి వరండా నిండా అట్టపెట్టెలున్నాయి. మోకాళ్ళ నొప్పులతో ఇల్లు కదలని మనిషి, కర్ర ఊతంగా పట్టుకుని మందారం దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఇల్లు అమ్మేశానమ్మా. చెల్లెలి దగ్గరికి పోతున్నా. మూడో అంతస్తు."

"ఎప్పుడు మాస్టారూ?"

"రేపంటున్నాడు మా మేనల్లుడు. వాడి మాట గాలి మాట. ఈరోజే ఊడిపడినా పడతాడు." ఆయన చెట్టు వైపు చూశాడు. "కొనుక్కున్నవాళ్ళు ఇక్కడ కారు పెట్టుకోవడానికి రాళ్ళు పరుస్తారట. అందుకని... ఒక్క కొమ్మ. నువ్వు కుండీలో బతికించి తెచ్చిపెట్టు. ఆవిడ ఒప్పుకునేది కాదు గానీ, వేరే దారి లేదు కదా."

ఆమె కత్తెర తీసింది. తలూపి ఊరుకుంటే సరిపోయేది. నెలన్నర తర్వాత షెడ్డు వెనక నుంచి ఒక కుండీ తెచ్చిచ్చి, ఇదే మీ కొమ్మ అంటే ఆయన చేతులెత్తి దండం పెట్టేవాడు. పెన్సిలు లావున ఉన్న కొమ్మను ఎంచి పట్టుకుంది.

"ఆగాగు. అది బతుకుతుందా? ఇంకోటి చూడు. వేళ్ళు పట్టకపోతే? చచ్చిపోతే ఇంకెక్కడా లేదమ్మా ఇది." ఆయన వంగి ఆ కొమ్మను వేళ్ళతో తడిమాడు.

అది చూడలేకపోయింది.

"చావదు మాస్టారూ. మా దగ్గరుంది."

"ఏముంది?"

"ఇదే. మొదటిసారి వచ్చినప్పుడు చెత్తలో పెట్టి పట్టుకుపోయాను. మిమ్మల్ని అడగలేదు."

ఆయన కింద రాలిన పువ్వొకటి కర్రతో పక్కకు జరిపాడు. 

"ఎన్నున్నాయి?"

"ఈ ఏడాది మూడొందలు."

"ఏమని అమ్ముతున్నారు?"

"వెన్నెల మందారం అని. ఓనరు పెట్టాడు ఆ పేరు."

"వెన్నెలేమిటి దాని మొహం! పొద్దుగూకేలోపు ముడుచుకుపోయేదానికి." గొంతు పెంచాడు, వెంటనే తగ్గించాడు. "ఆవిడ ఉంటే నవ్వేది." కర్ర తాటించుకుంటూ మెట్లెక్కాడు. తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే, "ఇవాళ కత్తిరించొద్దులే. వెళ్ళమ్మా" అన్నాడు.

నర్సరీకి వచ్చి అన్నం డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేసింది. మూడు వందల కుండీల్లో అన్నిటికంటే గుబురుగా ఉన్నదాన్ని ఏరింది. యజమాని అచ్చు వేయించిన పేరు చీటీ పీకేసింది. ఖాళీ చీటీ గుచ్చి, దాని మీద మాస్టారి భార్య పేరు రాద్దామని పెన్ను తీసుకుంది. అప్పుడు తెలిసింది, ఏడేళ్ళలో ఆవిడ పేరేమిటని ఒక్కసారీ అడగలేదు. మాస్టారు ఎప్పుడూ ఆవిడ అనే అన్నాడు. ఎవరి కష్టం మీద తను షెడ్డు సంపాదించిందో ఆ మనిషి పేరు కూడా తనకు తెలియదు. పెన్ను మూసి సంచిలో పెట్టుకుంది. ఆయన్నే అడిగి రాస్తాననుకుంది. తిడితే తిట్టనీ, కాళ్ళైనా పట్టుకుంటాననుకుంది.

కుండీ ఒళ్ళో పెట్టుకుని బస్సులో వెళ్ళి దిగేసరికి నాలుగు దాటింది. గేటుకు తాళం వేసి ఉంది. వరండాలో ఒక్క అట్టపెట్టె కూడా లేదు. పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసింది.

"రెండింటికే వెళ్ళిపోయారు. మేనల్లుడు కారు తెచ్చాడు."

"ఎక్కడుంటారో తెలుసామ్మా?"

"చెల్లెలింట్లో అన్నారు. ఏ వీధో నాకు తెలీదు." ఆవిడ గేటు పక్క అరుగు వైపు చూపించింది. "కత్తెరామె వస్తే అది తీసుకెళ్ళమన్నారు. వెళ్ళేముందు చెట్టు దగ్గర చాలాసేపు నిలబడ్డారు. నేను కోసిస్తానన్నా వినలేదు."

అరుగు మీద, నీడపట్టున, కొమ్మలున్నాయి. కూరలు తరిగే కత్తితో కోసినట్టున్నాయి, కొసలన్నీ నలిగిపోయాయి. మూరెడేసి పొడుగు, ఒక్కో కొమ్మకు రెండు మూడు పూలు, మొగ్గలు. చూడగానే తెలిసింది, అన్నీ లేత పూత కొసలే, వాటిలో ఒక్కటి కూడా వేళ్ళు పట్టదు. ఆయనకు తెలియదు పాపం. ఉన్నవాటిలో బాగా పూసినవే ఏరి ఇచ్చాడు. లెక్కపెట్టకూడదనుకుంటూనే లెక్కపెట్టింది. పద్నాలుగున్నాయి, ఆనాడు తను పట్టుకుపోయినవాటికంటే రెండెక్కువ. నానామాటలూ అన్నా ఇంతకంటే నయంగా ఉండేదనిపించి, కుండీ పట్టుకునే అక్కడ కూలబడి ఏడ్చింది.

కొమ్మలు పెట్టింది పిడి విరిగిన పచ్చ ప్లాస్టిక్ మగ్గులో. అందులో అంచుదాకా నీళ్ళు పోసి ఉన్నాయి.